రంగురాళ్లకు మెరుగు, కార్మికులకు ముప్పు

రంగురాళ్లను సాన పట్టేవారికి ఏర్పడే ముప్పు అనగానే రాతి ధూళి, ఊపిరితిత్తుల జబ్బు గుర్తుకు వస్తాయి. రాయిని శుభ్రపరిచే స్పిరిట్, అసిటోన్ సీసాల సంగతి అంతగా చర్చకు రాదు. 2025 నవంబరు 21న కొత్త కార్మిక నియమావళులు అమలులోకి వచ్చిన దృష్ట్యా ఈ విషయం పరిశీలించదగినది.

జాంబియా, కొలంబియా, బ్రెజిల్ గనుల పచ్చలు సాన కోసం రాజస్థాన్ రాజధాని జైపూర్‌కు చేరుతాయి. అక్కడి రాంగంజ్ వంటి పాత బస్తీలలో ఈ పని ఇళ్లలోనూ సాగుతుంది. రాయిని పుల్ల కొనకు లక్కతో అతికించి, తిరిగే సానపై పట్టాలు తీరుస్తారు. ఒక వైపు పూర్తి కాగానే లక్కను వేడిచేసి రాయిని ఊడదీసి, రెండవ వైపుకు తిప్పి మళ్లీ అతికిస్తారు. అంటుకుని మిగిలిన లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. లక్కకు బదులు క్షణాలలో పట్టే జిగురు వాడితే దానిని వదిలించడానికి అసిటోన్ కావాలి.

చిక్కు ఇక్కడే ఉంది. అసిటోన్ నుంచి వెలువడే ఆవిరి సున్నాకు దాదాపు 20 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా అంటుకోగలదు. గాలికన్నా బరువైనది కనుక నేలబారున పాకుతుంది. లక్కను కరిగించే మంట అదే గదిలో ఉంటే చెప్పవలసిన పని లేదు. స్పిరిట్‌లో మిథనాల్ కలిసి ఉంటే అది చర్మం గుండా కూడా ఒంటికి పడుతుంది.

రాయి విషయంలో వ్యాపారులకు జాగ్రత్త లేకపోలేదు. పచ్చలలోని సన్నని పగుళ్లు కనపడకుండా నూనె పట్టించడం పాత ఆచారం. అసిటోన్‌లో నానితే ఆ నూనె వదిలి పగులు బయటపడుతుంది, ధర పడిపోతుంది. అందువల్ల దేనిని దేనితో కడగాలో వారికి కంఠతా వచ్చు. కడిగే చేతికి తొడుగు ఎవరు ఇవ్వాలన్నది మాత్రం తేలని ప్రశ్న.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద విద్యుత్తు వాడే చోట 10 మంది కార్మికులుంటే అది కర్మాగారం. కొత్త భద్రతా నియమావళిలో ఈ సంఖ్య 20కి పెరిగింది. సాధారణ భద్రతా నిబంధనలు 10 మంది ఉన్న సంస్థలకూ వర్తిస్తాయి గాని, నలుగురైదుగురు పనిచేసే ఇంటి గదులు అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే. అయితే ప్రమాదకరమైన పనిగా ప్రభుత్వం నోటిఫై చేస్తే ఈ సంఖ్యా పరిమితి వర్తించదని నియమావళి చెబుతున్నది. రాళ్లను కడిగే పనిని ఆ కోవలో చేర్చడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు, ఒక నోటిఫికేషన్ చాలు.