తాళపత్ర సూచికల డేటాబేస్ ప్రవేశము – పాఠపరిష్కర్తల కర్తవ్యము

లిఖితగ్రంథములను వెదకు పరిశోధకునకు సూచికయే కన్ను. సూచికకెక్కని ప్రతి భాండాగారమున ఉన్నను లేనట్లే. 1891 మొదలు 1903 వరకు ఆఫ్రెక్ట్ పండితుడు మూడు భాగములుగా వెలయించిన ‘కేటలోగస్ కేటలోగోరమ్’ గాని, 1935లో మదరాసు విశ్వవిద్యాలయము దాని నూతన సంస్కరణమునకు పూనుకొనుట గాని ఈ సత్యము నెరిగి చేసిన యత్నములే. 2003లో జాతీయ స్థాయిలో లిఖితప్రతుల మిషన్ ఏర్పడినది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో కోటికి పైగా ప్రతులను ఉద్దేశించి జ్ఞానభారతం మిషన్ ప్రకటింపబడినది. ఇట్టి కార్యములలో సూచికలు మొదట ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్లలో సిద్ధమగును. పిదప వెబ్ అప్లికేషన్ యొక్క డేటాబేస్‌లోనికి ప్రవేశపెట్టబడును. ఈ ప్రవేశము కేవలము కంప్యూటర్ నిపుణుల పనియని పలువురు తలచుచున్నారు. ఆ తలంపు విమర్శింపదగియున్నది.

స్ప్రెడ్‌షీటు పండితుని చిత్తుపుస్తకము వంటిది. ఏ గడిలో ఏమి వ్రాసినను అది సహించును. డేటాబేస్ అట్లు కాదు. అందు ప్రతి నిలువు వరుసకును ఇది సంఖ్య, ఇది తేదీ, ఇది వాక్యము అను నియమము కలదు. ఒక దానినుండి వేరొక దానికి విషయమును మార్చు ప్రోగ్రాము నిజమునకు ఒక క్రొత్త లేఖకుడు. పూర్వలేఖకుడు ఉన్నది ఉన్నట్లు వ్రాసితినని, దోషము తనది కాదని గ్రంథాంతమున విన్నవించుకొనెడివాడు. ఈ క్రొత్త లేఖకునికి ఆ అలవాటు లేదు. మార్చినది మార్చినట్లు చెప్పడు.

యంత్రమునకు నిద్ర లేదు, అలసట లేదు, చూపు తప్పి పంక్తిని దాటుట లేదు, కావున దోషమునకు తావెక్కడిదని పూర్వపక్షము. ఇది నిలువదు. ‘1-12’ అని పత్రసంఖ్యను వ్రాసినచో ఎక్సెల్ దానిని జనవరి 12గానో, డిసెంబరు 1గానో గ్రహించును. ‘00145’ అను ప్రతిసంఖ్య 145గా మిగులును. ఇట్టి మార్పులను భరింపలేక జన్యుశాస్త్రజ్ఞులు 2020లో ‘మార్చ్1’, ‘సెప్ట్1’ వంటి సంకేతనామములనే మార్చుకొనిరి. అదే సంవత్సరమున ఇంగ్లండులో సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 కోవిడ్ కేసులు సకాలమున లెక్కకు రాలేదు. ప్రయోగశాలల ఫైళ్లను పాత ఎక్సెల్ రూపములోనికి మార్చగా, అందు ఒక్క పుటకు 65,536 వరుసలకు మించి పట్టకపోవుటయే హేతువు. యంత్రము అలసిపోలేదు, మిగిలినవానిని మౌనముగా విడిచినది.

ఇవి సర్వసాధారణ దోషములు. లిఖితగ్రంథ సూచికలకు ప్రత్యేకమైనవి మరికొన్ని కలవు. పండితులు పట్టిక వ్రాయునపుడు కర్తపేరు మొదటి వరుసలో వ్రాసి, క్రింది వరుసలలో ఆ గడిని ఖాళీగా విడుతురు. పాణినీయము చదివినవారికి ఇది అనువృత్తియని వేరుగా చెప్పనక్కరలేదు. ప్రోగ్రామునకు అనువృత్తి తెలియదు. పై వరుసలోని కర్త క్రింది గ్రంథమునకు సంక్రమింపడు. అంతకు ముందే ఎవరైనను పట్టికను అకారాదిక్రమమున మార్చిరేని, ఆ గ్రంథములన్నియు అజ్ఞాతకర్తృకములు కావచ్చును, లేదా వేరొక కర్త క్రిందికి చేరవచ్చును.

ఖాళీ గడికి అన్నిచోట్ల అనువృత్తియే అర్థము కాదు. ‘వ్యాఖ్య’ అను గడి ఖాళీగా ఉన్నచో వ్యాఖ్య లేదనియా? ఉన్నదో లేదో నిర్ణయింపలేకపోతిమనియా? అసలు చూడనే లేదనియా? అభావమును, అజ్ఞానమును ఒక్కటిగా తలచుట నైయాయికునకు సమ్మతము కాదు, పరిశోధకునకును కారాదు. డేటాబేస్‌లో ఈ మూడింటికి మూడు గుర్తులు ఉండవలెను.

కాలనిర్ణయము మరింత సున్నితమైనది. శక 1650 అని ప్రతిలో ఉన్నదానిని లేఖనవర్షమను గడిలో 1650గా చేర్చినచో ఆ ప్రతి 78 సంవత్సరములు వెనుకకు జరుగును. ప్రభవాది నామము మాత్రమే ఉన్నచో అది అరువదేండ్లకొకసారి వచ్చును గనుక ఏ తేదీగడిలోను ఇముడదు. తేదీ తప్పనిసరియని నియమము పెట్టినచో, నింపువాడు ఏదో ఒక అంకెను ఊహించి నింపును. ఆ ఊహయే పదేండ్లకు ప్రమాణముగా ఉదాహరింపబడును.

ఇక అక్షరముల విషయము. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణముననే తెలుగు లిపికి స్థానము లభించినది. ఐనను పాత ఖతులలో టైపు చేసిన సూచికలు పెక్కు కలవు. వానిని మార్పిడి చేయక ప్రవేశపెట్టినచో అర్థములేని గుర్తులు మిగులును. యూనికోడ్‌లోనే ఐత్వమును ఒకే సంకేతముగాను, రెండు సంకేతముల కూడికగాను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒక్కటే. వెదకు యంత్రమునకు, ముందుగా ఏకరూపము చేయనిచో, వేరువేరు. ‘గంగాలహరి’, ‘గఙ్గాలహరి’ అను రెండు వ్రాతలు రెండు గ్రంథములుగా లెక్కకు వచ్చుటయు ఇట్టిదే.

ఒక్క కట్టలో నాలుగు గ్రంథములుండుట తాళపత్రములలో సామాన్యము. స్ప్రెడ్‌షీటులో కట్టకొక వరుస వ్రాసి నాలుగు పేర్లను కామాలతో ఒకే గడిలో ఇరికించుట పరిపాటి. సి.ఎస్.వి. ఫైలులో గడులను వేరుచేయునది కామాయే. ఆ గడిని ఉద్ధరణచిహ్నములతో కాపాడనిచో మిగిలిన విషయమంతయు ప్రక్కకు జరిగి కర్తపేరు స్థానమున గ్రంథనామము కూర్చుండును. కావున కట్టలకు ఒక పట్టిక, గ్రంథములకు వేరొక పట్టిక ఏర్పరచి, రెండింటిని కట్టసంఖ్యతో కలుపుట సరియైన మార్గము.

దీనినిబట్టి సిద్ధాంతము స్పష్టము. డేటాబేస్ ప్రవేశము పాఠపరిష్కరణములో ఒక భాగము; దాని నియమములే దీనికిని వర్తించును. మొదటిది, వచ్చిన ఫైలును మార్పులేక భద్రపరుపవలెను, అది మాతృక. రెండవది, వరుసలు నేరుగా ప్రధాన పట్టికలలోనికి పోరాదు. మధ్యనొక పరీక్షాపట్టికలో నిలిపి, నియమము తప్పిన ప్రతి వరుసను సంఖ్యతో, కారణముతో చూపవలెను. మూడవది, దిద్దుబాటు మూలపాఠమును చెరుపరాదు. ప్రతిలో ఉన్నది ఒక గడిలో, పండితుని నిర్ణయము వేరొక గడిలో ఉండవలెను. నాలుగవది, ఒక విడతలోని వరుసలు అన్నియు చేరవలెను, లేదా ఒక్కటియు చేరరాదు. సగము చేరి సగము ఆగిన విడత ఇంగ్లండులో జరిగిన దానివలె ఎవరికిని తెలియని లోపమగును. చివరగా, పంపిన వరుసలెన్ని, చేరినవెన్ని, ఆగినవెన్ని అను లెక్క ప్రతి విడతకు వ్రాతమూలకముగా ఉండవలెను.

చిన్న గ్రంథాలయములలో పండితులు కొరత, వేలకొలది వరుసలను వారు చూచుట అసాధ్యమని ఆక్షేపము రావచ్చును. ఆక్షేపము న్యాయమే, కాని పండితుడు ప్రతి వరుసను చూడనక్కరలేదు. సంశయమున్న వరుసలను ప్రోగ్రాము వేరుచేసి ముందుంచిన చాలును. సంశయమును కనుగొనుట యంత్రమునకు, దానిని తీర్చుట పండితునకు విడిచినచో ఇరువురి శ్రమయు సార్థకమగును. నేడు జరుగుచున్నది దీనికి విపర్యయము. పండితుడు టైపు చేయించి చేతులు దులుపుకొనును. సంశయము వచ్చినచోట ప్రోగ్రామే తీర్పు చెప్పును.

తాళపత్రము చిరంజీవి కాదు. పురుగు, చెమ్మ, నిర్లక్ష్యము దానిని నానాటికి హరించుచున్నవి. కొన్ని ప్రతుల విషయమున రేపు మిగులునది సూచికలోని ఒక్క వరుసయే. ఆ వరుసలో కర్త మారినను, కాలము జరిగినను, సంఖ్య తప్పినను సరిచూచుకొనుటకు మూలము ఉండదు. ఆ వరుస డేటాబేస్‌లో చేరుదినమున శాస్త్రమెరిగిన ఒకరు కంప్యూటర్ నిపుణుని ప్రక్కన కూర్చుండుట ప్రాచ్య కళాశాలలు తమ విధిగా స్వీకరింపవలసియున్నది.