నాటి కంపెనీ కాలువ, నేటి స్తంభముల రైలు

కర్నూలులో బస్సెక్కి హైదరాబాదు మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగువారు మా జిల్లాలలో వేలకు వేలు గలరు. చదువులకు, కొలువులకు, వైద్యమునకు, బేరసారములకు ఆ మహానగరమే మనకు దిక్కైనది. అచ్చట దిగినవారికి నేడు తలపైన రైలు కనబడుచున్నది. వీధి నడుమ వరుసగా నిలిచిన కాంక్రీటు స్తంభములమీద వంతెన సాగియున్నది. క్రింద బండ్లు ఒకదానినొకటి ఒరసికొని కదలలేకుండ నిలిచియుండగా పైన రైలు నిమిషములలో దాటిపోవుచున్నది. మియాపురమునుండి లాల్‌బహదూరు నగరమువఱకు 29 కిలోమీటర్లు, నాగోలునుండి రాయదుర్గమువఱకు సుమారు 28, జూబిలీ బస్సు స్టేషనునుండి మన బస్సులు నిలుచు చోటివఱకు 11. మొత్తము 69 కిలోమీటర్ల మార్గము. 2017 నవంబరు 28వ తేదీన ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు తొలి భాగమును ప్రారంభించిరి. ఈ సౌకర్యమును మేము తక్కువచేసి చెప్పబోము. నేల త్రవ్వి సొరంగములో రైలు నడుపుటకంటె స్తంభములపై నడుపుట కెంతో తక్కువ వ్యయమగును. ఇరుకు నగరమున కది తగిన ఉపాయమే.

మా ఆక్షేపణ రైలు మీద గాదు, దానిని గట్టించిన ఒడంబడికమీద.

2008లో సమైక్య రాష్ట్రప్రభుత్వ మీ పనిని మేటాస్ అను కంపెనీవారి బృందమున కప్పగించెను. ప్రభుత్వ మొక్క కాసు ఈయనక్కరలేదనియు, తామే 35 ఏండ్లలో 30,311 కోట్ల రూపాయలు ప్రభుత్వమునకు చెల్లింతు మనియు వారు ముందుకు వచ్చిరి. రైలు టిక్కెట్టుమీద అంతటి రాబడి లోకములో నెక్కడను లేదు. లాభమంతయు రైలుతోపాటు చేతికందు భూములమీద నున్నదని ఢిల్లీ మెట్రోను నిర్మించిన శ్రీధరన్‌గారు ఆనాడే హెచ్చరించిరి. ఆ హెచ్చరికకు దొరికినది కోపమే. మరుసటి సంవత్సరము సత్యం కంపెనీ మోసము బయటపడుటతో మేటాస్‌వారు కూలిరి; 2009లో ఆ ఒప్పందము రద్దయ్యెను. 2010 సెప్టెంబరులో లార్సెన్ అండ్ టూబ్రోవారితో క్రొత్త ఒడంబడిక జరిగినది. ఈసారి కంపెనీవారు చెల్లించుట పోయి, ప్రభుత్వ సహాయముగా 1,458 కోట్లు కోరుట వచ్చినది. రెండేండ్లలో లెక్క ఇట్లు తలక్రిందులైనను, శాసనసభలో మన ప్రాంతపు ప్రతినిధులు దీనిని గట్టిగా ప్రశ్నించిన జాడ మాకు కనబడలేదు.

దినమునకు 15 లక్షలకు పైగా జనులెక్కుదురని అంచనా వేసిరి. 2025 నాటికి ఎక్కుచున్నవారు అయిదు లక్షలకు లోపే. 2020లో అంటువ్యాధివలన 169 దినములు రైలు నిలిచిపోయినమాట నిజము. 2023 డిసెంబరునుండి స్త్రీలకు బస్సులలో ఉచిత ప్రయాణ మేర్పడుటయు నిజము. కాని కొఱత యంతయు వీనివలననే వచ్చినదని చెప్ప వీలులేదు. అంచనాయే గాలిలో కట్టినది. పాతబస్తీలో ఫలక్‌నుమావఱకు పోవలసిన సుమారు అయిదున్నర కిలోమీటర్లు, బీదజనము క్రిక్కిరిసియున్న ఆ భాగమే, తొలిదశలో కట్టబడకపోయెను. తుదకు 2025 సెప్టెంబరులో కంపెనీవారు తప్పుకొనుటకును, వారి అప్పు సుమారు 13,000 కోట్లు తెలంగాణ ప్రభుత్వము తలకెత్తుకొనుటకును, వారి వాటాకు మఱి 2,000 కోట్లిచ్చుటకును అంగీకారము కుదిరినది.

ఈ కథ వినగానే కర్నూలు, కడప జిల్లాలవారి కొక పాతకథ స్ఫురింపకపోదు. సుంకేసులవద్ద తుంగభద్రకు ఆనకట్ట గట్టి కడపవఱకు సుమారు 190 మైళ్లు త్రవ్విన మన కె.సి. కాలువ ఎవరు త్రవ్వించిరి? మదరాసు ఇరిగేషన్ కంపెనీ యను ఇంగ్లండు కంపెనీ. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనకు ఆశపడి లండనులో షేర్లు కొనినవారి పదిలక్షల పౌనుల మూలధనముమీద, లాభము వచ్చినను రాకున్నను, నూటికి అయిదు వంతున వడ్డీకి దొరతనమువారు పూచీపడిరి. పనియందు ప్రొదుపు చేయవలసిన అవసరము కంపెనీకి మఱి యేమున్నది? 1863లో పని మొదలైనది; మూలధనము నడుమనే హరించుకొనిపోగా సర్కారే మరల అప్పిచ్చెను. సముద్రమువఱకు పోవలసిన కాలువ కడపయొద్ద ఆగినది. అందులో పడవలు నడచుననియు, లక్షల ఎకరములు పాఱుననియు అంచనాలు వేసిరి. కాని నల్లరేగడిలో మెట్టపైరు వేసికొను మన రైతు, వాన కురిసిన ఏడు ఆ నీటికి పన్ను గట్ట నొల్లకపోయెను. 1882లో దొరతనమువారే కాలువను కంపెనీయొద్ద కొనిరి. అప్పటివఱకు షేరుదారులకు వడ్డీ ముట్టుచునేయున్నది. ఆ వడ్డీ మదరాసు రాజధాని రైతు కట్టిన శిస్తులోనిది. కాలువ చివరనున్న కడప రైతుమాత్రము నేటికిని నీటివంతుకు ఎదురుచూచుచునే యున్నాడు.

అంచనా ఉబ్బించుట, మూలధనము చాలకపోవుట, చివరిభాగము విడిచిపెట్టుట, తుదకు ఖజానా కొనుట. కాలువకును రైలుకును నడుమ నూటముప్పది యేండ్లు గడచినను వరుస మాఱలేదు. నాడు మనలను పాలించినది పరప్రభుత్వము, మన సమ్మతి నడిగినవాడు లేడు. 2010లో సంతకముచేసినది మనము ఓట్లువేసి నిలిపిన ప్రభుత్వము. ఈ భేదమే మమ్ము ఎక్కువ బాధించుచున్నది.

ఇది హైదరాబాదున కొక్కదానికే పట్టిన గ్రహచారమును గాదు. ఢిల్లీ విమానాశ్రయపు రైలును నడుపుచున్న ప్రయివేటు కంపెనీ 2013లో దానిని విడిచిపోయెను. నష్టపరిహారపు వ్యాజ్యము 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పుతోగాని ముగియలేదు. (ఇట్టి ఒడంబడికలలో నష్టపడనివారు మా వకీళ్లొక్కరే.) గురుగ్రామములోని మెట్రోయు 2019లో ప్రభుత్వము చేతికే వచ్చినది. లండనులో భూగర్భరైళ్ల మరమ్మతు వహించిన మెట్రోనెట్ కంపెనీ 2007లో దివాలా తీసినది. ఢిల్లీ ప్రధానమార్గములును, చెన్నపట్టణపు మెట్రోయు కేంద్రరాష్ట్రములు చెరిసగము వాటాతో స్వయముగా నడుపుకొనుచున్నవి. అచ్చటను అప్పులున్నవి, కాని లాభ మొకరిది, నష్ట మొకరిది యను చిక్కు లేదు.

మనకెందుకీ గొడవ యని కడపలోని మిత్రులు కొందఱడిగిరి. ఎందుకనగా 2024 డిసెంబరులో మన రాష్ట్రప్రభుత్వము విశాఖపట్టణమున 46 కిలోమీటర్లకు 11,498 కోట్లతోను, విజయవాడలో 38 కిలోమీటర్లకు 11,009 కోట్లతోను స్తంభముల రైలు పథకముల నామోదించినది. 2014 విభజన చట్టములోనే వీని ప్రస్తావన గలదు. విశాఖలో కొంతమేర క్రింద వాహనముల వంతెనయు, దానిపైన రైలువంతెనయు, రెండంతస్తులుగా నుండునట. కేంద్రప్రభుత్వపు 2017 మెట్రో విధానముప్రకారము ఢిల్లీ సహాయము కావలెనన్న ఏదో యొక భాగమున ప్రయివేటువారిని చేర్చుకొనక తప్పదు. కావున హైదరాబాదు ఒడంబడికవంటిది మరల మన ముంగిటికి వచ్చు త్రోవ తెఱచియేయున్నది. అప్పుడు పూచీదారు విశాఖవాసి యొక్కడే కాడు. ఆదోని ప్రత్తిరైతు, ప్రొద్దుటూరు వర్తకుడు, నంద్యాల గుమాస్తా అందఱును పూచీదారులే.

తోడి ఆంధ్రులకు రైలు వలదను ఈర్ష్య మాకు లేదు. 1953 అక్టోబరు 1న రాజధానియై, డేరాలలో కచేరీలు నడపి, మూడేండ్లకే ఆ గౌరవమును తెలుగువారి ఐక్యతకై వదలుకొనిన పట్టణము కర్నూలు. మాకు స్తంభముల రైలు కావలెననియు మే మడుగుటలేదు. ఇరువది లక్షల జనము లేని పట్టణమునకు దానిని కోరుట వేడుకకే గాని అవసరమునకు గాదు. మాకు కావలసినది నేలమీద నడచు రైలు. 123 కిలోమీటర్ల నంద్యాల–ఎఱ్ఱగుంట్ల మార్గమునకు 1996-97లో మంజూరీ వచ్చి, 2016లో రైలు నడచినది. కడప–బెంగుళూరు మార్గము 2008-09లో మంజూరైనది. సగము వ్యయము రాష్ట్రము భరింపవలసియుండగా, పెండ్లిమఱ్ఱివఱకు ఇరువదికి చేరువ కిలోమీటర్లు వేసి నిలిపివేసిరి. అదే కాలమున హైదరాబాదులో ఆకాశమున 69 కిలోమీటర్లు లేచినవి.

కాబట్టి విశాఖ, విజయవాడ ఒడంబడికలు సంతకమగుటకు ముందే వానిని తెలుగున అచ్చువేయించి శాసనసభ యెదుట నుంచవలెను. జనులెందఱెక్కుదురను అంచనాను స్వతంత్రులచేత మరల కట్టింపవలెను; 2025 ఆగష్టు 15నుండి మన రాష్ట్రమునను స్త్రీలకు బస్సు ఉచితమైనసంగతి ఆ లెక్కలో చేరవలెను. అంచనా తప్పినచో నష్టమెవరిదో, కంపెనీ తప్పుకొన్నచో దాని అప్పెవరిదో, స్టేషనులచుట్టునున్న భూమి యెవరిదో స్పష్టమైన మాటలలో వ్రాయవలెను. ఈ మెట్రోల అప్పునకై కడప–బెంగుళూరు మార్గపు రాష్ట్రవాటా నొక్క రూపాయియు తగ్గింపమని ఆర్థికమంత్రిగారు సభలో చెప్పవలెను. కర్నూలు, కడప శాసనసభ్యులు ఈ మాటను రాబోవు బడ్జెటు సమావేశముననే అడుగుదురని మేము ఎదురుచూచుచున్నాము. అడిగినవారి పేర్లును, అడుగనివారి పేర్లును ఈ పత్రికలోనే ప్రకటింతుము.