భేరీనాదానికి భవిష్యత్తు

అమెరికాలో ప్రభవించిన డ్రమ్ కోర్ ఒక విలక్షణ కళ. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, పతాకాలు చేబూనిన యువతీయువకులు ఫుట్‌బాల్ మైదానంలో బారులు తీరి, క్షణక్షణం ఆకృతులు మారుస్తూ వాయిస్తారు. మొదటి ప్రపంచయుద్ధానంతరం మాజీ సైనికుల సంఘాలు ఊరూరా దీనిని పోషించాయి. 1972లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ తొలి ఛాంపియన్‌షిప్ జరిపింది.

2004లో మైక్రోఫోన్లు, 2009లో ఎలక్ట్రానిక్ వాద్యాలు పోటీలలో ప్రవేశించగా, నాదశుద్ధి నశించిందని అభిమానులం ఎందరమో వాపోయాము. ఆ చింత నేడు స్వల్పమనిపిస్తున్నది. 1934లో పుట్టిన కేడెట్స్ బృందం న్యాయవివాదాల, ఆర్థికభారాల నడుమ 2024లో మూతపడింది. నిలిచిన ప్రముఖ బృందాలలో ఒక్క వేసవి వాయించడానికి సభ్యుడు వేల డాలర్లు చెల్లించాలి. ప్రధానశ్రేణి పోటీలకు అర్హత సుమారు ఇరవై రెండవ ఏటితో ముగుస్తుంది. ధనం కూడేవరకు వేచిన పేదబాలునికి ఆ వేసవి మరి రాదు.

పూర్వం పేటలోని పిల్లవాడికి పేటలోనే బృందం ఉండేది. కనుక అభిమానులమైన మేము కోరేది పాత వాద్యాలను కాదు, పాత ద్వారాలను. ఊరి చిన్న బృందాలను, విద్యార్థివేతనాలను పోషిద్దాం. మార్కులు న్యాయనిర్ణేతలు వేస్తారు. మైదానంలోకి ఎవరు రాగలరో నిర్ణయించవలసినది మనమే.