మిల్లు ఆగింది, జీతాలు ఆగలేదు

పత్తి ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడు మిల్లు యజమాని ముందు రెండే దారులుంటాయి. హెచ్చు ధరకు సరుకు కొని నూలు తీయడం ఒకటి. రేపు ధర విరిగితే ఆ నూలు నష్టానికి గోదాములో పడి ఉంటుంది. మిల్లుకు తాళం వేసి మార్కెట్ చల్లబడేదాకా ఆగడం రెండోది. తాళం వేసినవారు సాధారణంగా కూలీలను కూడా ఇంటికి పంపివేస్తారు. అదే వ్యాపారమనీ, ఖాళీగా ఉన్నవారికి జీతమిచ్చేవాడు దానకర్ణుడనీ వర్తక లోకంలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. ఆ అభిప్రాయం లెక్కకు నిలవదని మా వాదన. స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ అనే మిల్లు గ్రామం ఖాతా ఇందుకు సాక్ష్యం.

గ్లాస్గోలో నూలు వర్తకుడైన డేవిడ్ డేల్ క్లైడ్ నది జలపాతాల దిగువన ఈ మిల్లులను నెలకొల్పాడు. నీటి చక్రంతో నూలు తీసే యంత్రానికి పేరుపొందిన ఆర్క్‌రైట్ మొదట్లో ఆయనకు భాగస్వామి. 1786లో వడకడం మొదలైంది. ఏడేళ్ళు తిరిగేసరికి పనివారి సంఖ్య సుమారు 1,150కి చేరింది. వారిలో 800 మంది దాకా పిల్లలే. 1799లో డేల్ ఈ మిల్లులను రాబర్ట్ ఓవెన్‌కు, అతని భాగస్వాములకు 60,000 పౌన్లకు అమ్మాడు. ఓవెన్ అదే ఏడు డేల్ కుమార్తెను వివాహమాడాడు. బేరం కుదిరింది కానీ, పనివారు కొత్త యజమానిని నమ్మలేదు. దొంగతనాలు, తాగుడు, పని ఎగవేత సర్వసాధారణంగా ఉండేవి.

1807 డిసెంబరులో అమెరికా తన రేవుల నుంచి ఎగుమతులను నిషేధించింది. పత్తి ధర ఆకాశానికంటింది. (ఓవెన్ తన ఆత్మకథలో ఈ ఘట్టాన్ని 1806 కింద రాశాడు. ఎనభై దాటాక రాసిన పుస్తకం. తేదీ విషయంలో చట్టాన్నే నమ్ముదాం.) నిషేధం ఎత్తివేస్తే ధర కుప్పకూలుతుందని ఓవెన్ గ్రహించాడు. యంత్రాలు ఆపివేశాడు. పనివారిని మాత్రం పంపలేదు. యంత్రాలను శుభ్రంగా, సిద్ధంగా ఉంచండని చెప్పి, నాలుగు నెలలపాటు ఒక్క పెన్నీ కోయకుండా పూర్తి జీతాలిచ్చాడు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం దీనికి 7,000 పౌన్లకు పైగా ఖర్చయింది.

ఇది దానం కాదు. సరుకు నిలవ ఉంచితే గోదాము అద్దె, వడ్డీ, బీమా కట్టుకుంటాం. రేపటి ధర కోసం ఆ ఖర్చు భరిస్తాం. చేయి తిరిగిన పనివాడు కూడా నిలవ ఉంచవలసిన సరుకే. వదిలేస్తే పక్క మిల్లుకు పోతాడు. మార్కెట్ మళ్ళీ తెరుచుకున్ననాడు పని రాని కొత్తవాళ్ళతో దారం తెగుతూ, నాణ్యం చెడుతూ కూర్చోవాలి. ఆరేడేళ్ళుగా ఎన్ని కట్టుదిట్టాలు చేసినా రాని నమ్మకం ఆ నాలుగు నెలల్లో వచ్చిందని ఓవెన్ స్వయంగా ఒప్పుకున్నాడు.

చిన్న మిల్లుకు ఇది సాధ్యమా అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. న్యూ లానార్క్‌కు నదీ జలం ఉంది, లాభాల నిలవ ఉంది. అప్పుమీద నడిచే మిల్లు నాలుగు నెలలు మోయలేదు. కానీ మోయగలిగీ మోయని పెద్ద మిల్లులకు ఆ సాకు వర్తించదు.

కిరాణా వర్తకులకు పనికివచ్చే ముక్క ఒకటుంది. గ్రామంలో చిల్లర దుకాణాలు నాసిరకం సరుకును హెచ్చు ధరకు అరువిచ్చేవి. ఓవెన్ నగదుతో టోకున కొని, కొన్న ధరకు కొంచెమే కలిపి అమ్మించాడు. పనివారి ఖర్చు నాలుగో వంతు దాకా తగ్గిందని ఆయన లెక్క. అయినా దుకాణానికి లాభమే మిగిలింది. ఆ లాభంతో బడి నడిచింది.

బడికీ ఇళ్ళకూ ఇంత ఖర్చేమిటని భాగస్వాములు గొడవపడ్డారు. 1809లో మిల్లులు 84,000 పౌన్లకు చేతులు మారాయి. కొత్త భాగస్వాములతోనూ అదే తగాదా. చివరకు 1813 డిసెంబరు 31న గ్లాస్గోలో వేలం. వేలానికి ముందు ఈ భాగస్వాములే మిల్లులు 40,000 పౌన్లు కూడా చేయవని ఊరంతా చాటారు. చవకగా కొట్టేయాలనే ఎత్తు. మన దళారులకు కొత్త కాదు. ఓవెన్ తరఫు మనిషి పోటీదారుకన్నా వంద పౌన్లు మాత్రమే ఎక్కువ పాడుతూ పోయాడు. వాళ్ళు 1,14,000 దగ్గర ఆగారు; పాట 1,14,100కు ఓవెన్‌కు దక్కింది. ఆయన వెనుక ఈసారి జెరెమీ బెంథామ్, విలియం అలెన్ వంటివారున్నారు. పెట్టుబడికి నూటికి అయిదు వడ్డీ, మిగిలింది పనివారి పిల్లల చదువుకు, మేలుకు అన్నది వారి షరతు. 60 నుంచి 84, అక్కడి నుంచి 114 వేలు. పెరుగుదలలో యంత్రాల వాటా ఉంది, నిజమే. కానీ మిల్లు విలువలేనిదన్నవారే లక్షా పద్నాలుగు వేల దాకా పాడారంటే, జీతాలిచ్చిన మిల్లు మునగలేదని వారికీ తెలుసు.

ఈ ఖాతాలో రాయని పద్దు ఒకటుంది. ఆ పత్తి పండించినవారిలో అత్యధికులు అమెరికాలోనూ వెస్టిండీస్‌లోనూ బానిసలు. డేల్ 1791లో గ్లాస్గోలో బానిస వ్యాపార నిర్మూలన సంఘానికి అధ్యక్షుడు. అయినా మిల్లుకు వచ్చే బేళ్ళు అవే. క్లైడ్ ఒడ్డున పూర్తి జీతం ఇచ్చిన యజమాని, బేలు వెనుక ఉన్న జీతంలేని చాకిరీకి ఏమీ చెల్లించలేదు.

1825 నుంచి మిల్లులు వాకర్ కుటుంబం చేతికి వచ్చాయి. 1881లో యజమానులు మారాక పత్తి నూలుతోపాటు చేపల వలలు, కాన్వాసు తయారయ్యాయి. 1968లో మిల్లు మూతబడింది. భవనాలను తర్వాత ఒక ట్రస్టు బాగుచేయించింది. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.