వెనుకకు నడిచిన కుమారులు

తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞను మన సండేస్కూలు పిల్లలు కూడా తడుముకోకుండా అప్పజెబుతారు. అయితే ఆ సన్మానం ఎంత నిజమైనదో తేలేది వేదికమీద శాలువా కప్పినప్పుడు కాదు. రాత్రి రెండు గంటలప్పుడు తడిసిన పక్కమీద తండ్రి సిగ్గుతో ముడుచుకుని కూర్చున్నప్పుడు తేలుతుంది. పెద్దపేగు కేన్సర్ వంటి జబ్బులకు ఆపరేషన్ చేసి, పేగు చివరను పొట్టమీదికి తెచ్చి, అక్కడ మలం పట్టే సంచి అంటించే ఏర్పాటును కొలోస్టమీ అంటారు. అది ప్రాణం నిలబెడుతుంది. కానీ ఆ ద్వారానికి బిగపట్టే కండరం ఉండదు కనుక మలం, గ్యాస్ ఎప్పుడు వస్తాయన్నది మనిషి చేతిలో ఉండదు. నిద్రలో సంచి నిండి, అంచు ఊడి, పక్క పాడవడం ఇలాంటి రోగులున్న ఇళ్లకు తెలిసిన కష్టమే. పైకి చెప్పుకునేవారే తక్కువ.

జీవితమంతా ఇంటికి పెద్దదిక్కుగా నిలిచిన మనిషికి కొడుకు ముందు చొక్కా ఎత్తి ఆ సంచి చూపించడం ప్రాణసంకటం. ఇక కోడలికి తెలిస్తే తల ఎత్తుకోలేనని బాధపడతాడు. అందుకే కొందరు తడిసిన దుప్పట్లు దాచేస్తారు. తెల్లవారకముందే లేచి తామే ఉతుక్కుంటారు. రాత్రి అన్నం మానేస్తారు. చివరికి ఆదివారం ఆరాధనకు రావడమూ మానేస్తారు. అడిగితే ‘నాకేం కాలేదు, నువ్వెళ్లి పడుకో’ అంటారు. పిల్లలకు అది మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి అది తన మానాన్ని తాను కాపాడుకోవాలని ఆ పెద్దాయన పడుతున్న తాపత్రయం.

నోవహు తన గుడారంలో వస్త్రహీనుడై పడివున్నప్పుడు హాము చూశాడు, బయటికి వెళ్లి అన్నదమ్ములకు చెప్పాడు. షేము, యాపెతులు మాత్రం ఒక వస్త్రాన్ని ఇద్దరి భుజాలమీద వేసుకుని వెనుకకు నడిచి వెళ్లి తండ్రిని కప్పారు (ఆది 9:20–23). నోవహు ద్రాక్షారసం తాగి ఆ స్థితికి వచ్చాడు. దోషమున్న తండ్రికే ఆ కుమారులు అంత మర్యాద చేస్తే, ఏ దోషమూ లేకుండా రోగం పాలైన తండ్రికి మనమెంత చేయాలి? ఇక్కడ ఇంకొకటి గమనించాలి. వారు తండ్రిని చూడలేదు గానీ, ఆయన దగ్గరికి వెళ్లకుండా తప్పుకోలేదు. సిగ్గును చూడకపోవడం, అవసరాన్ని తీర్చడం రెండూ ఒకేసారి చేశారు.

హాము చేసిన పని మన ఇళ్లలో వేరే పేర్లతో జరుగుతుంటుంది. ‘రాత్రి నాన్నగారు ఏం చేశారో తెలుసా’ అని బంధువులకు ఫోనులో చెప్పడం, ముక్కు మూసుకుంటూ గదిలోకి రావడం, పనిమనిషి ముందు విసుక్కోవడం అలాంటివే. కూటంలో ప్రార్థన మనవి పేరుతో వివరాలన్నీ విప్పి చెప్పడం కూడా అలాంటిదే. దేవునికి వివరం తెలుసు. సంఘానికి ‘నాన్నగారి ఆరోగ్యం కోసం ప్రార్థించండి’ అన్న ఒక్క మాట చాలు.

అలాగని వద్దన్నారు కదా అని వదిలేయడమూ ప్రేమ కాదు. ప్రభువు తన పాదాలు కడగడానికి వస్తే పేతురు ససేమిరా అన్నాడు (యోహాను 13). ప్రభువు విసుక్కుని వెళ్లిపోలేదు, బలవంతంగా కాలు పట్టి లాగనూ లేదు. అదెందుకు అవసరమో చెప్పి ఒప్పించాడు. ఒప్పుకున్న పేతురు చేతులు, తల కూడా కడగమంటే, పాదాలు చాలునన్నాడు. ఒప్పించాలి, అవసరమైనంతే చేయాలి. పరిచర్యకు ఇంతకంటే మంచి పాఠం లేదు. కాబట్టి సాయం ఎవరు చేయాలో తండ్రినే ఎంచుకోనివ్వాలి. కొడుకా, భార్యా, నర్సా అన్నది ఆయన ఇష్టం. తల్లి విషయంలోనూ అంతే. అద్దం సాయంతో తామే చేసుకోగలిగిన పనిని తామే చేసుకోనివ్వాలి. మాట్లాడేది కూడా అర్ధరాత్రి పక్క తడిసినప్పుడు కాదు, మర్నాడు పగటివేళ, ఒంటరిగా, నెమ్మదిగా మాట్లాడాలి.

ప్రేమ జాలితోనే ఆగిపోదు, ఉపాయం వెదుకుతుంది. ఎలిసె సొరెన్‌సెన్ అనే డెన్మార్క్ నర్సు సోదరికి ఇలాంటి ఆపరేషనే అయ్యింది. సంచి కారుతుందన్న భయంతో ఆమె నలుగురిలోకి వెళ్లలేకపోయింది. ఆమె కోసమే 1954లో ఎలిసె చర్మానికి అంటుకునే సంచిని ఆలోచించింది. ఈరోజు లోకమంతటా వాడుతున్న అంటించే సంచుల వెనుక ఒక తోబుట్టువు ప్రేమ ఉంది.

మన ఇళ్లలో చేయగలిగిన ఉపాయాలూ ఉన్నాయి. రాత్రి భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించాలి. అసలు తినకపోతే గ్యాస్ పెరగవచ్చు, నీరసమూ వస్తుంది. పడుకునే ముందు సంచి ఖాళీ చేయాలి. మూడోవంతు నిండగానే ఖాళీ చేయడం అలవాటైతే బరువుకి అంచు ఊడదు. రాత్రి ఒకసారి అలారం పెట్టుకుని చూసుకోవడం మంచిది. సంచి అంటించే చోట చర్మాన్ని మామూలు నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. నూనె, పౌడరు రాస్తే పట్టు నిలవదు. అంటించాక ఒకటి రెండు నిమిషాలు అరచేతితో అదిమి పట్టుకుంటే ఆ వేడికి బాగా అతుకుతుంది. ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని వారాల్లో ఆ ద్వారం కుంచించుకుపోతుంది కనుక మళ్లీ కొలత తీసుకుని రంధ్రం కత్తిరించాలి. రంధ్రం పెద్దదైతే కారుతుంది, చర్మం పుండవుతుంది. కారుతున్న అంచుమీద టేపు వేసి తెల్లవారేదాకా సర్దుకోవడం ప్రమాదం, సంచి మార్చాల్సిందే. కత్తిరించి సిద్ధంగా ఉంచిన సంచి, మెత్తటి గుడ్డలు, ఒక కవరు, టార్చిలైటు మంచం పక్కనే ఉంచాలి. పరుపుమీద రబ్బరుషీటు, దానిమీద దుప్పటి, మళ్లీ షీటు, దుప్పటి వేస్తే, తడిసినప్పుడు పైజత తీసేస్తే చాలు. ఇల్లంతా లేవనక్కరలేదు.

చర్మం ఒరుసుకుపోయినా, తరచూ కారుతున్నా డాక్టరుకు చూపించాలి. ఆ ద్వారం నల్లబడినా, మలం ఆగిపోయి కడుపునొప్పి, వాంతులు వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. పెద్ద ఆస్పత్రుల్లో ఈ సంచుల సంగతి నేర్పడానికి శిక్షణ పొందిన నర్సులుంటారు. కొడుకు పదిసార్లు చెప్పినా వినని తండ్రి నర్సు ఒక్కసారి చెబితే వినవచ్చు.

సంచులకు డబ్బవుతుంది. ఖర్చు తగ్గించాలని పట్టు పోయిన సంచినే మళ్లీ అంటించుకునే పెద్దలున్నారు. పిల్లలకు చెప్పుకోలేరు. దేవునికి అర్పితమని చెప్పి తల్లిదండ్రులకు ఇవ్వవలసింది ఎగవేసేవారిని ప్రభువు గద్దించాడు (మార్కు 7:9–13). మందిరానికి ఫ్యాన్లు కొనిచ్చి బోర్డుమీద పేరు రాయించుకునే ముందు, నాన్నగారి దగ్గర ఇంకా ఎన్ని సంచులున్నాయో చూసుకోవాలి. సంఘం కూడా తన వంతు చేయాలి. తలుపు దగ్గర ఒక కుర్చీ, గడియ సరిగా పడే, నీళ్లున్న మరుగుదొడ్డి ఉంటే ఇంటికే పరిమితమైన ఒక విశ్వాసి మళ్లీ ఆరాధనకు రాగలడు. శబ్దం వినబడితే వెనుదిరిగి చూడకపోవడం కూడా ఒక పరిచర్యే.

పాదాలు కడిగించుకోనన్న పేతురుతోనే ప్రభువు తర్వాత ఒక మాట చెప్పాడు. ముసలివాడవైనప్పుడు నువ్వు చేతులు చాచుతావు, వేరొకరు నీకు నడుము కడతారు అన్న భావమది (యోహాను 21:18). అది పేతురు మరణాన్ని గూర్చిన మాటే. అయినా ముసలితనం వచ్చిన ప్రతి ఇంట్లో అది మరో రకంగా నిజమవుతుంది. ఈ రోజు చేతులు చాచలేక సిగ్గుపడుతున్న తల్లిదండ్రులారా, పిల్లల చేత సేవ చేయించుకోవడం తక్కువతనం కాదు. పిల్లలారా, ఆ చేతులు ఒకప్పుడు మీ పక్కగుడ్డలు మార్చిన చేతులు. దుప్పటి పట్టుకుని, కళ్లు పక్కకు తిప్పుకుని, దగ్గరికి వెళ్లండి.