కొత్తకోటకు ప్లాను వేసేవారు ఓపీ వరుస కూడా చూడాలి



ఈసారి షుగరు గురించో, బీపీ గురించో కాకుండా మన ఊరి గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాము. నర్సులకు ఊరి ప్లానుతో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. ఊరిలో ఎవరు ఎక్కువవుతున్నారో, ఎవరు తగ్గుతున్నారో లెక్కల పుస్తకాలకంటే ముందు ఆసుపత్రి ఓపీ వరుసలో కనబడుతుంది. అందుకే రాస్తున్నాము.

మేము ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో కాన్పుల వార్డులో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచిన రాత్రులున్నాయి. నాలుగో కాన్పు, ఐదో కాన్పు అంటే ఎవరికీ ఆశ్చర్యం ఉండేది కాదు. ఇప్పుడు మూడో కాన్పు వస్తే చిన్న సిస్టర్లు కేసు షీటు రెండుసార్లు చూస్తున్నారు. అదే సమయంలో పొద్దున ఏడు గంటలకు ఓపీ దగ్గరకు వస్తే ముందు కనబడేవి చేతికర్రలు. మోకాళ్ళ నొప్పులు, కంటి పొరలు, మానని కాలి పుండ్లు, అయిపోయిన బీపీ గోలీల ఖాళీ అట్టలు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మన దగ్గర కాన్పులు తగ్గినందుకు కారణం పిల్లలు తక్కువగా పుట్టడం ఒక్కటే కాదు. 2017లో కేసీఆర్ కిట్ పథకం వచ్చాక చాలామంది గర్భిణులు సర్కారు దవాఖానాలకు వెళ్ళారు. అది మంచిదే. అయితే ఆ లెక్క తీసివేసినా మిగిలిన మాట అలాగే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.8 మంది. తల్లిదండ్రుల స్థానం నిండాలంటే 2.1 ఉండాలని లెక్క. అంటే మన రాష్ట్రం ఆ గీత దాటి కిందికి దిగింది.

దీనికి ఇంకొక వైపు చూడండి. కేంద్ర ప్రభుత్వ అంచనా ప్రకారం తెలంగాణలో 60 ఏళ్ళు దాటినవారు 2021లో నూటికి 11 మంది. 2031 నాటికి 14 దాటుతారు. కేరళలో 2021లోనే 16 దాటారు. ఫ్రాన్సు దేశంలో 65 ఏళ్ళు పైబడినవారు నూటికి 7 నుండి 14 కావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. జపానుకు పాతికేళ్ళు పట్టలేదు. ఫ్రాన్సుకు దవాఖానాలు, పింఛన్లు, రోడ్లు తీరికగా కట్టుకునే సమయం దొరికింది. మనకు అంత తీరిక దొరకదు.

20 ఏళ్ళ తరువాత కొత్తకోటలో వృద్ధులు ఎవరో తెలుసుకోవడానికి జ్యోతిష్యం అక్కరలేదు. ఇప్పుడు 40 ఏళ్ళున్నవారే. వారికి ఎంతమంది పిల్లలో కూడా తెలుసు. ఒకరో ఇద్దరో. ఆ పిల్లలు ఎక్కడున్నారో కూడా చాలా ఇండ్లలో తెలుసు. హైదరాబాదులోనో, బెంగళూరులోనో.

ఈ మధ్య ఎక్కువమంది పిల్లల్ని కనండి అనే మాట వినబడుతోంది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ లో స్థానిక ఎన్నికలలో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో తీసివేశారు. నిబంధన తీసివేయడం న్యాయమే. కానీ మా మటుకు మాకు కొంచెం నవ్వు వస్తుంది, కొంచెం బాధ కూడా. ఏళ్ళ తరబడి ఇద్దరు చాలమ్మా, ఆపరేషను చేయించుకోండి అని పల్లెపల్లె తిరిగి చెప్పినవాళ్ళం మేమే. తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ఆపరేషను చేయించుకున్నవారే. ఆడవారు విన్నారు, ఆలోచించుకున్నారు, తమ కూతుళ్ళను చదివించుకున్నారు. ఇప్పుడు వెనక్కి నడవమంటే ఎవరు నడుస్తారు? ఒకవేళ నడిచినా ఈరోజు పుట్టిన బిడ్డ నర్సయి మన వార్డులోకి రావడానికి 20 ఏళ్ళు పైనే పడుతుంది. కర్ర పట్టుకున్న అవ్వ ఇప్పుడే గేటు దగ్గర నిలబడి ఉంది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. వార్డులో చేరే ప్రతి పేషంటు వెంట ఒక మనిషి ఉండాలన్నది ఎన్నో ఏళ్ళుగా మా నియమం. మందులు తెచ్చేందుకు, బాత్రూముకు తీసుకువెళ్ళేందుకు, సంతకం పెట్టేందుకు. కొన్నేళ్ళ కిందట ఒక పెద్దాయన కాలి వేలికి పుండుతో వచ్చాడు. షుగరు ఎక్కువగా ఉంది. చేరాలి అన్నాము, ఇంట్లో నుండి ఎవరినైనా పిలుచుకు రమ్మన్నాము. “నాకెవలున్నరు బిడ్డా తోల్కొచ్చేటందుకు. పెద్దోడు పూనెల ఉన్నడు, చిన్నోడు పట్నంల ఉన్నడు” అన్నాడు. నియమం నియమమే అన్నాము. వెళ్ళిపోయాడు. రెండు వారాల తరువాత పక్కింటివాళ్ళు ఆటోలో తెచ్చేసరికి వేలు నల్లబడి ఉంది. పెద్ద ఆసుపత్రికి పంపవలసి వచ్చింది, ఆ వేలు పోయింది. ఎవరూ మమ్మల్ని అడగలేదు. మమ్మల్ని మేమే అడుక్కున్నాము. ప్రతి ఇంట్లో ఖాళీగా ఒక మనిషి ఉంటాడన్న పాత లెక్క మీద ఆ నియమం నిలబడి ఉంది. ఇప్పుడు వెంట ఎవరూ లేనివారిని కూడా చేర్చుకుంటున్నాము. దానికి డ్యూటీలు మార్చవలసి వచ్చింది, ఒక ఆయాను అదనంగా పెట్టవలసి వచ్చింది. సులభం కాలేదు.

ఊరి ప్లాను కూడా అదే పాత లెక్క మీద నడుస్తుందేమోనని మా భయం.

కొత్తకోట 2018లో మునిసిపాలిటీ అయింది. అమరచింత, ఆత్మకూరు, పెబ్బేరు కూడా అప్పుడే అయ్యాయి. మునిసిపాలిటీ అంటే రాబోయే 20 ఏళ్ళకు మాస్టర్ ప్లాను ఉండాలి. ఎక్కడ ఇండ్లు, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ రోడ్లు అని అందులో రంగులు వేసి చూపుతారు. మన ఊరు హైదరాబాదు నుండి కర్నూలు, బెంగళూరు వెళ్ళే దారి మీద ఉంది. ఒకప్పుడు 7వ నంబరు, ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి. 2008లో శంషాబాదులో విమానాశ్రయం మొదలైన తరువాత ఈ దారి పొడుగునా భూముల ధరలు ఎలా పెరిగాయో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. వేరుశనగ పండిన చెల్కల్లో రాళ్ళు పాతి, రంగు జెండాలు కట్టి వెంచర్లు వేశారు. కొన్నవారిలో ఇక్కడ ఉండేవారు కొందరే. ప్లాట్లు ఖాళీగా ఉంటాయి, కానీ పైపు, స్తంభం, రోడ్డు అక్కడిదాకా వెళ్ళాలి. కొత్త మునిసిపాలిటీకి ఇంటి పన్ను, అనుమతుల ఫీజులే ముఖ్యమైన సొంత ఆదాయం గనుక కొత్త లేఅవుట్ ముద్దుగానే కనబడుతుంది. మనుషులున్న పాత గల్లీలో మోరీకి డబ్బు చాలదు. ఆ గల్లీలోనే మోరీ మీది బండ జారి తుంటి ఎముక విరిగిన అవ్వలు మా దగ్గరకు వస్తారు.

పాలమూరుకు వలస కొత్త కాదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మన జిల్లా కూలీ చెమట ఉందని అంటారు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్ నగర్ జిల్లా జనం 40 లక్షల 53 వేలు, అందులో నూటికి 85 మంది పల్లెల్లోనివారే. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని దసరా తరువాత మొగుడూ పెళ్ళాం బయలుదేరితే ఇంట్లో మిగిలేది ముసలివారు, పసివారు. జూరాల, భీమా, కల్వకుర్తి నీళ్ళు వచ్చాక చాలా ఊళ్ళలో ఆ వలస తగ్గింది, వరి పెరిగింది. ఇది గొప్ప మార్పు, మా పిల్లల వార్డులోనే తేడా చూశాము. ఎండిపోయిన పిల్లలు తగ్గారు.

కానీ వలస రూపం మారింది. అప్పుడు కూలికి వెళ్ళి వానలకు తిరిగి వచ్చేవారు. ఇప్పుడు చదువుకొని వెళ్ళినవారు తిరిగి రారు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ లో మందుల కంపెనీకి వెళ్ళిన పిల్లవాడు ఆదివారమైనా వస్తాడు. హైదరాబాదులో అద్దెకు ఉన్నవాడు పండుగకు వస్తాడు. మగ్గం నేసే ఇండ్లలో అయితే మగ్గం ముందు కూర్చున్నవారందరూ 50 దాటినవారే అనిపిస్తుంది. నడుము నొప్పికి, చూపుకు మా దగ్గరకు వచ్చేవారిని నీ కొడుకు నేస్తాడా అని అడిగితే నవ్వి ఊరుకుంటారు.

వెళ్ళినవారి జాగాలోకి వేరేవారు వస్తున్నారు. రైసు మిల్లుల్లో బస్తాలు మోసే బీహారు హమాలీలు, నాట్లు వేసే బెంగాలు కూలీలు. మా కొత్త సిస్టర్లు “దర్ద్ కహాఁ హై” అని అడగడం నేర్చుకున్నారు. వీరు ఓటరు లిస్టులో లేరు, ఇంటి పన్ను రసీదులో లేరు. ఒక్కొక్క రేకుల గదిలో అంతమంది ఉంటే వచ్చే దగ్గు, విరోచనాలు ఓటరు లిస్టు చూసి రావు. ఊరికి ఎన్ని మరుగుదొడ్లు కావాలో లెక్క వేసేటప్పుడు వీరిని వదిలితే నష్టం అందరికీ.

2021లో జరగవలసిన జనాభా లెక్కలు కోవిడ్ వలన వాయిదా పడ్డాయి. కొత్త లెక్కలకు 2027 మార్చి 1ని ప్రాతిపదికగా ప్రకటించారు. లెక్కలవాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో నిజంగా ఎవరుంటున్నారో అదే చెప్పండి. పూనెలో ఉన్న కొడుకును గౌరవానికి ఇంట్లో ఉన్నట్టు రాయించకండి. అలా రాయిస్తే ఒంటరి తల్లి కాగితం మీద నలుగురి మధ్య ఉన్నట్టు కనబడుతుంది.

మరి ప్లానులో ఏమి అడగాలి? మాకు ఇంజనీర్ల భాష రాదు, చూసినది చెప్తాము. 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. దానివల్ల పెద్ద వయసు ఆడవారు మునుపటికంటే ఎక్కువగా, ఒంటరిగానే ఆసుపత్రికి రాగలుగుతున్నారు. కొడుకు వచ్చేదాకా ఆగడం లేదు. చాలా సంతోషం. కానీ బస్సు దిగాక? నీడ లేదు, కూర్చునేందుకు అరుగు లేదు, శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదు. అందుకని పొద్దున్నుండి నీళ్ళు తాగకుండా వస్తారు. షుగరు ఉన్నవారు, వేసవిలో. మూత్రంలో మంట అని వచ్చే పెద్దవారిని అడిగితే సగంమంది చెప్పే కథ ఇదే. ఒక మరుగుదొడ్డి, నాలుగు బెంచీలు, బస్టాండు నుండి దవాఖానా దాకా కర్రతో నడవగలిగే కాలిబాట. ఫ్లైఓవరు అడగడం లేదు కదా.

లేఅవుట్ వేసేవారు నూటికి 10 వంతుల జాగా సామాన్య అవసరాలకు వదలాలని నియమం ఉంది. దానిని పార్కు అని బోర్డు పెట్టి ముండ్ల చెట్లకు వదిలేస్తారు. అందులో ఒక గది వేసి పగటిపూట పెద్దవారు కూర్చునే చోటుగా చేస్తే, వారానికి ఒకరోజు బీపీ చూడడానికి మేమే ఒక సిస్టరును పంపగలము.

కేరళను చూసి నేర్చుకోవలసినది ఒకటుంది. అక్కడ మంచాన పడినవారికి ఇంటి దగ్గరే సేవ అందించడానికి 2008లోనే ప్రభుత్వ విధానం తెచ్చారు. పంచాయతీలు తమ నిధుల నుండి నర్సును పెట్టి ఇంటింటికీ పంపుతాయి. డాక్టరు రోజూ అక్కరలేదు. పుండు కడిగే చెయ్యి, ట్యూబు మార్చే చెయ్యి కావాలి. మనకు వనపర్తిలో 2022 నుండి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, పెద్ద జబ్బుకు దారి దగ్గరైంది. మన కొరత ఆ కాలేజీకీ ఇంటి గడపకూ మధ్యన ఉంది. ఆసరా పింఛను 2014లో 1,000 రూపాయలు, 2019 నుండి 2,016. ఆ డబ్బు అవ్వకు ధైర్యం ఇచ్చింది, మేము కళ్ళారా చూశాము. కానీ డబ్బు వచ్చి కాలికి కట్టు కట్టదు.

2023 జనవరిలో కామారెడ్డిలో మాస్టర్ ప్లాను ముసాయిదా మీద రైతులు రోడ్డెక్కారు. తమ పొలాలను పరిశ్రమల జోనులో చూపారని. చివరకు ఆ ముసాయిదా వద్దని కౌన్సిలే తీర్మానం చేసింది. భూమి పోతుందంటే జనం రావడం న్యాయం. అదే గదిలో కాలిబాట గురించి, మరుగుదొడ్డి గురించి లేచి అడిగేవారు కూడా ఉండాలని మా కోరిక. ముసాయిదా పెట్టినప్పుడు అభ్యంతరాలు, సూచనలు ఇమ్మని ప్రకటన ఇస్తారు, రాసి ఇస్తే తీసుకోవాలి. మన సంఘంలో రాయగలిగిన పిల్లలున్నారు. అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, బజారుకు వెళ్ళి రావడానికి ఎక్కడెక్కడ కష్టమో అడిగి రాయమనండి.

మేము కూడా మా తరపున ఒక కాగితం సిద్ధం చేస్తున్నాము. ఓపీకి వచ్చే 60 దాటినవారిని ఈ నెల నుండి రెండే ప్రశ్నలు అడుగుతాము: ఇంట్లో మీతో ఎవరుంటారు, ఇక్కడికి ఎలా వచ్చారు. పేర్లు రాయము, లెక్క మాత్రమే. కౌంటరు దగ్గర సిస్టరు అడిగినప్పుడు విసుగుకోకుండా చెప్పండి. అలాగే ఊరిలో లేని కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు అమ్మానాన్నల ఓపీ చిట్టీ వెనుక మీ ఫోను నంబరు, పక్కింటివారి నంబరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పండుగకు వచ్చినప్పుడు ఆ నంబరు ఇంకా పనిచేస్తుందో లేదో ఒకసారి చూడండి.