చంపిందెవరో తెలిసినా భయపెట్టే సినిమా

సస్పెన్స్ సినిమా చూసొచ్చినవాణ్ని మనం మొదట అడిగేది ‘ఇంతకీ చంపిందెవరు?’ అని. ఈమధ్య అదీ పోయి ‘ట్విస్ట్ ఎట్లుంది?’ అని అడుగుతున్నారు. నా లెక్కలో ఈ రెండు ప్రశ్నలకూ పెద్ద విలువ లేదు. అడగాల్సింది ‘ఇంకోసారి చూస్తావా?’ అని. ఆ ప్రశ్నకు నలభై ఏళ్లుగా నాచేత అవుననిపిస్తున్న తెలుగు సినిమా వంశీ తీసిన ‘అన్వేషణ’.

1985లో ఆ సినిమా వచ్చేనాటికి నేను పొదటూరుపేటలో మరమగ్గాల షెడ్డులో కండెలు అందించే కుర్రాణ్ని. మా ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉన్నా, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా మాది చిత్తూరు జిల్లానే. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. సినిమాలకు మాత్రం ఆ తేడా లేదు, రెండూ చూసేవాళ్లం. తెలుగు బొమ్మ కావాలంటే నగరికో పుత్తూరుకో పోయేవాళ్లం.

మా చిన్నాయన నాకంటే ముందే పోయి ‘అన్వేషణ’ చూసొచ్చి, మగ్గాల మోతలో కూడా అందరికీ వినబడేలా అరిచి హంతకుడి పేరు చెప్పేసినాడు. ఆయనకు అదొక సరదా. ఇక టికెట్టు డబ్బులు దండగేనని తిట్టుకుంటూనే నేనూ పోయినాను. హాల్లో దీపాలు ఆరినాక చిన్నాయన చెప్పిన పేరు గుర్తుంది గానీ ధైర్యానికి అది పనికిరాలేదు. అన్నీ తెలిసి కూడా కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని కూర్చున్నాను. తెలిసిన కథ ఎందుకు భయపెట్టిందన్న ప్రశ్న అప్పుడే పట్టుకుంది.

కథ చెప్పాలంటే చిన్నదే. అడవిలో మనుషులు ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. అందరూ పులి పనే అనుకుంటారు. సంగీతం పక్షుల కూతల్లోంచే పుట్టిందేమోనని వెతుక్కుంటూ హేమ అనే అమ్మాయి ఆ అడవికే వస్తుంది. హేమగా భానుప్రియ, ఆమెకు జోడీగా కార్తీక్. శరత్‌బాబు, కైకాల సత్యనారాయణ, రాళ్లపల్లి, ఎవరు తెర మీదికొచ్చినా వీడేనా అనిపిస్తుంది.

ఈ సినిమాకు అడవిగా నిలిచింది తలకోన. మా వైపు వాళ్లకు తలకోన అంటే భయం లేదు. సిద్ధేశ్వరుడి దర్శనానికి, 270 అడుగుల ఎత్తునుంచి పడే నీళ్ల కింద తడవడానికి పిల్లాపాపలతో పులిహోర మూటలు కట్టుకుని పోయే చోటు అది. అదే చోటును ఎం.వి. రఘు కెమెరా కళ్లతో చూసినాక నాకు తలకోన రెండు ఊళ్లయింది. మనం తిన్నాం, పడుకున్నాం అనుకున్న చెట్ల వెనకాలే ఇంకెవరో ఉన్నట్టు ఉంటుంది. ఉన్నారో లేరో తేల్చకుండా వదిలేయడమే ఆయన పనితనం. సెట్టు వేసి పొగ వదిలితే ఇది వచ్చేది కాదు.

అంతకుముందు ఏడాదే, 1984లో, వంశీ ‘సితార’ తీసినాడు. అందులోనూ భానుప్రియే, రఘు కెమెరానే, ఇళయరాజా సంగీతమే. గోదావరి నీళ్లు తాగి పెరిగిన పసలపూడి మనిషి ‘సితార’కు మంచి పేరొచ్చినాక అదే దారిలో ఇంకొకటి తీసుకోవచ్చు. అట్లా చేయకుండా తన జట్టును తీసుకుని మా రాయలసీమ కొండల్లోకి వచ్చినాడు. ఆ సాహసానికి దక్కిన ఫలమే ఈ సినిమా.

అయితే భయంలో పెద్ద వాటా చెవులదే. మేం పొద్దస్తమానం నాడె కొట్టుకునే చప్పుడులో బతికినవాళ్లం. మాకు మోత భయం కాదు, అది ఉన్నట్టుండి ఆగితే భయం. దారం తెగిందా, కరెంటు పోయిందా అని ఒక్కసారిగా తలెత్తుతాం. ఇళయరాజా ఈ సినిమాలో చేసింది అదే. పిట్టల కూతలు, ఆకుల గలగల, వాటి మీద సన్నగా వాద్యాలు మనకు అలవాటు చేస్తాడు. అలవాటైనాక చటుక్కున తీసేస్తాడు. హంతకుడి పేరు తెలిసినంత మాత్రాన ఆ నిశ్శబ్దం నుంచి తప్పించుకోలేం.

హిచ్‌కాక్ 1963లో తీసిన ‘ది బర్డ్స్’లో నేపథ్య సంగీతమే లేదు. యంత్రంతో పుట్టించిన పక్షుల అరుపులే భయపెడతాయి. అక్కడ పక్షులే మనుషుల మీద పడతాయి. వంశీ అడవిలో పక్షులు అమాయకం. వాటి పాట వినడానికి వచ్చిన మనిషి వెనకాల ఇంకో మనిషి నడుస్తుంటాడు. నాకు రెండోదే ఎక్కువ భయం, ఎందుకంటే పిట్టకు అబద్ధం చెప్పడం రాదు.

మన సస్పెన్స్ సినిమాల్లో పాటలు అడ్డమనేది పాత ఫిర్యాదు. మద్రాసులో ఏవీఎం వాళ్లు 1954లోనే ఎస్. బాలచందర్‌తో ‘అంద నాళ్’ తీసి, తమిళంలో మొదటిసారి పాట అన్నదే లేకుండా చేసినారు. శివాజీ గణేశన్ ఉన్నా ఆనాటి జనం ఆదరించలేదు. తర్వాత కాలమే దాన్ని క్లాసిక్ చేసింది. 1967లో అదే సంస్థ కృష్ణ, కాంచనలతో ‘అవే కళ్లు’ తీసేటప్పుడు పాటలు మళ్లీ వచ్చినాయి. ‘అన్వేషణ’ ఈ తగాదాను ఇంకో రకంగా తెంచింది. కథానాయికే సంగీతం వెతుక్కుంటూ వచ్చింది కాబట్టి పాటకు వేరే సాకు అక్కర్లేదు. వేటూరి రాయగా బాలసుబ్రహ్మణ్యం, జానకి పాడిన ‘కీరవాణి’, ‘ఏకాంత వేళ’ ఆ అడవి నుంచి విడదీయలేని పాటలు. తమిళంలోకి ‘పాడుం పరవైగళ్’ పేరుతో వెళ్లినప్పుడు కూడా పాటలే ముందు నడిచినాయి. మా ఊరి టీకొట్టులో ఒకే పాటను కాసేపు తెలుగులో, కాసేపు అరవంలో విన్నవాళ్లం మేం.

మా అబ్బాయికి ఈ సినిమా నెమ్మది. ఫోను చేతిలో పెట్టుకుని చూస్తే నెమ్మదే మరి. ఇప్పటి థ్రిల్లర్లలో చాలావాటిది ఒకటే పద్ధతి. చివరి పది నిమిషాల కోసం రెండు గంటలు దాచిపెట్టి, ఆఖర్న ఫ్లాష్‌బ్యాకులో అంతా అప్పజెప్పేస్తారు. ఆ మలుపు ఎవరో ముందే చెప్పేస్తే సినిమా అయిపోయినట్టే. చిన్నాయన లాంటి మనిషి నోటికి చచ్చిపోయే సినిమా ఎన్నాళ్లు బతుకుతుంది?

2022లో ‘పోకిరి’ మళ్లీ ఆడినప్పటినుంచి పాత సినిమాలను శుభ్రం చేసి హాళ్లలో వేయడం మనవాళ్లకు అలవాటైంది. మంచిదే. అయితే ఆ వరస హీరోల పుట్టినరోజుల చుట్టూనే తిరుగుతోంది. కెమెరా, శబ్దం, అడవి హీరోలైన సినిమాలకు పుట్టినరోజు ఎవరు చేస్తారు? ‘అన్వేషణ’ హక్కులు ఎవరి దగ్గరున్నాయో వాళ్లకు నా మనవి ఒకటే. నెగటివ్ మీద గీతలు తుడవండి, వెలిసిన రంగులు సరిచేయండి. సౌండు మాత్రం మార్చకండి. కొత్త మోతలు కలిపితే ఇళయరాజా వదిలిన ఖాళీలు పూడిపోతాయి, వాటితోపాటు భయమూ పోతుంది. హైదరాబాదు, విజయవాడలతో ఆపకుండా నగరి, తిరుత్తణి హాళ్లకు కూడా ఒక ఆట ఇవ్వండి. పొదటూరుపేట నుంచి మేం వస్తాం. హంతకుడెవరో మాకందరికీ తెలుసు, అయినా వస్తాం.